పుట్టింటి దారిలో బావులు

జైసల్మేర్ ఎడారిలోని ఖారియా ఊళ్ళో ఠాకూర్ల ఇంటి ముందు మట్టిలో మెహర్‌దీన్ తన వాద్యం తీగలు పాతిపెట్టినప్పుడు అతని భార్య సఫూరా ఆ ఇంటి లోపలే ఉంది. ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఢోలు వాయిస్తూ పెళ్ళికొడుకుని ముస్తాబు చేసే పాట పాడుతోంది. బయట మొగుడు ఆమె నోటికి తాళం వేస్తున్న సంగతి ఆమెకి తెలియదు. ఆమెని అడిగినవాళ్ళు లేరు, ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. మగవాళ్ళ పంతాలు ఎప్పుడూ అంతే. విసిరిన రాయి ఎవరికి తగిలిందో వెనక్కి తిరిగి చూసే తీరిక వాళ్ళకి ఉండదు.

సఫూరా మంగణియార్ల పిల్ల. ఆ కులానికి పాటే కూడు, పాటే గుడ్డ. ఒక్కో మంగణియార్ కుటుంబానికి తాతలనాటి నుంచి ఒక్కో ఠాకూర్ ఇల్లు ఉంటుంది. ఆ ఇంట్లో పురుడు వచ్చినా, పెళ్ళి వచ్చినా, చావు వచ్చినా వీళ్ళు వెళ్ళి పాడాలి. ఠాకూర్లకి భూములూ ఒంటెలూ ఉంటాయి గానీ, తమ ముత్తాత తండ్రి పేరేమిటో తెలుసుకోవాలంటే మంగణియార్‌నే అడగాలి. అది వీళ్ళ దగ్గర భద్రంగా ఉంటుందని వాళ్ళకి ధీమా. ఆ ధీమాతో వాళ్ళు హాయిగా మరిచిపోతారు.

సఫూరా అత్తింటివాళ్ళకి దక్కింది ఖంగార్ సింగ్ ఠాకూర్ ఇల్లు. ఆయన భార్యని ఊరంతా మాజీసా అని పిలిచేది. ఆవిడ ఇటువైపు మనిషి కాదు, సరిహద్దుకి అవతల ధాట్ ప్రాంతంలో పుట్టింది. పెళ్ళయిన కొత్తలో ఒంటె ఎక్కి పుట్టింటికి పోయిరావడం పెద్ద పనేమీ కాదు. తర్వాత యుద్ధాలొచ్చాయి, ముళ్ళకంచె వచ్చింది, పుట్టిల్లు ఒట్టి మాటగా మిగిలింది. తల్లి పోయిన కబురు ఆవిడకి చేరేసరికి అక్కడ సంవత్సరీకం కూడా అయిపోయింది. "ఏడుద్దామంటే అప్పటికే ఆలస్యమైపోయిందే" అని నవ్వుతూ చెప్పేది.

అటువైపు ఒక అలవాటు ఉండేది. ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళ మంగణియార్ ఆడమనిషి ఆమె కోసమే ఒక పాట కట్టి ఇస్తుంది. అది అత్తవారి ఊరి నుంచి పుట్టింటికి తిరిగి వెళ్ళే దారి పాట. దారిలో తగిలే ప్రతి బావి పేరూ అందులో వరసగా వస్తుంది. చిట్టచివర పుట్టింటి బావి, దాని గట్టు మీద ఎదురుచూస్తూ నిలబడ్డ తల్లి. ఎడారిలో దారంటే బావులే కదా, ఒక్క బావి తప్పిపోతే మనిషి ఇల్లు చేరదు. ఆ పాట ఆ పిల్ల సొత్తు. ఆమె ఎదురుగా ఉంటేనే పాడతారు, కట్టినామె తన కూతురికి నేర్పేటప్పుడు తప్ప ఇంకొకరి ముందు కూనిరాగం కూడా తీయరు. మాజీసాకి ఆ పాట కట్టింది సఫూరా తల్లి.

యుద్ధం వచ్చిన ఏడు సఫూరావాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడుచుకుంటూ ఇవతలికి వచ్చేశారు. ఆ సంగతి చెవిన పడగానే మాజీసా పట్టుబట్టి, తమ మంగణియార్ కొడుకు మెహర్‌దీన్‌కి ఆ పిల్లనిచ్చి పెళ్ళి చేయించింది. కొత్త కోడలు మొదటిసారి దణ్ణం పెట్టుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"ఒసేయ్ పిల్లా, ఆ ముసుగు తియ్యి. మీ అమ్మ కట్టిన పాట నీకొచ్చా?"

"వచ్చు మాజీసా."

"బావులన్నీ వచ్చా?"

"అన్నీ వచ్చు."

"అయితే నువ్వు మెహర్‌దీన్ పెళ్ళానివి కావే, పుట్టింటివాళ్ళు నా వెంట పంపిన అరణానివి. కాస్త ఆలస్యంగా వచ్చావు, అంతే. కూర్చో, పాడు."

సఫూరా ఒళ్ళో ఢోలు పెట్టుకుని ఎత్తుకుంది.

*ఒంటె మోకాళ్ళు దించండి, అమ్మాయి ఎక్కాలి,*
*జమ్మి బావి నీళ్ళు తాగి పొలిమేర దాటాలి...*

పాట మొదలవగానే మాజీసా కళ్ళు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టేది, నిజంగానే ఒంటె ఎక్కినట్టు. జమ్మి బావి తర్వాత మూగ బావి. అది ఎంత లోతంటే చేద నీళ్ళలో పడ్డా పైకి చప్పుడు వినపడదు. దాని తర్వాత అత్తాకోడళ్ళ బావులు, పక్కపక్కనే రెండు. ఒకదాన్లో నీళ్ళు తీపి, ఒకదాన్లో ఉప్పు. అక్కడికి రాగానే మాజీసా కళ్ళు తెరవకుండానే "ఉప్పుది అత్తదేలే" అనేది, గదిలో ఉన్న కోడళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ తర్వాత ఇంకా కొన్ని బావులు. పుట్టింటి బావి వచ్చేసరికి ఆవిడ ఊగడం ఆపి, ఓణీ చెంగుతో ముఖం తుడుచుకునేది.

మొదట్లో ఆవిడ కూడా గొంతు కలిపేది, సఫూరా వరస తడబడితే తొడ మీద చరిచేది. పోనుపోను ఆ పని మానేసింది. "నువ్వున్నావుగా, నాకెందుకే ఆ బరువు" అని దిండుకి ఆనుకుని ఊరుకునేది. ఒకసారి సఫూరా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"నేను పోయేటప్పుడు నా నోట్లో గంగ వీళ్ళు పోస్తారు. నన్ను ఇంటికి చేర్చాల్సింది మాత్రం నువ్వు. పక్కన కూర్చుని చివరిదాకా పాడాలి. ఒట్టెయ్యి."

"అవేం మాటలు మాజీసా!"

"ఒట్టెయ్యవే ముందు."

సఫూరా ఒట్టు వేసింది.

ఖంగార్ సింగ్ బతికున్నన్నాళ్ళూ మంగణియార్లకి ఆ ఇంట్లో చోటు ఎక్కడని అడగాల్సిన పని రాలేదు. మర్యాదకిచ్చే నల్లమందు నీళ్ళు తన దోసిట్లో పోసి ముందు పెద్దలకి ఇచ్చి, తర్వాత మెహర్‌దీన్‌కి తన చేత్తోనే ఇచ్చేవాడు. ఆయన పోయాక పెత్తనం కొడుకు పూనమ్ సింగ్‌కి వచ్చింది. పూనమ్ సింగ్ దుర్మార్గుడేమీ కాదు, పాడు లోకంలో దుర్మార్గులతో వచ్చే చిక్కులు తక్కువే. అతనికి పట్టనితనం ఎక్కువ. పట్నంలో చదివాడు, జీపు కొన్నాడు, పంచాయతీ ఎన్నికల మీద కన్నేశాడు. పాటంటే అతనికి చెవుల్లో దూరి బయటికి పోయే చప్పుడు.

అతని కొడుకు పెళ్ళిలో జరిగింది ఈ గొడవంతా. పెళ్ళికొడుకు గుర్రం ఎక్కేముందు మంగణియార్ నిలబడి ఆ వంశం పేర్లన్నీ చదవాలి. మొదటి పురుషుడి నుంచి పెళ్ళికొడుకు దాకా ఒక్క పేరూ జారకూడదు. మెహర్‌దీన్ తన తీగల వాద్యం కమాయచాని భుజానికి ఆనించి, కమాను ఎత్తి, గొంతు సవరించుకున్నాడు. నాలుగు పేర్లు అయ్యాయో లేదో, పట్నం నుంచి తెప్పించిన పెద్ద పెద్ద స్పీకర్ల పెట్టెలు ఒక్కసారిగా మోగాయి. గుర్రం బెదిరింది. కుర్రకారు ఎగరడం మొదలుపెట్టారు. మెహర్‌దీన్ చదువుతూనే ఉన్నాడు, అతని నోరు కదలడం కనిపిస్తోంది తప్ప మాట వినపడటం లేదు. అది చూసి ఎవరో నవ్వారు. పూనమ్ సింగ్ దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"చాల్లే మెహర్‌దీన్, ఎవరు వింటారు అవన్నీ. వెళ్ళి భోంచెయ్యి, లడ్డూలు వేడిగా ఉన్నాయి."

చెంపదెబ్బ కొట్టినా మెహర్‌దీన్ ఓర్చుకునేవాడేమో. భోంచెయ్యమనడంతో తల కొట్టేసినట్టయింది. తాతల పేర్లు చదివేవాడిని కూటికి వచ్చినవాడి లెక్కలో కట్టాడు. మంగణియార్ దగ్గర కత్తులుండవు, కర్రలుండవు. ఠాకూర్ మీద అతనికి ఉన్న ఆయుధం ఒక్కటే. కమాయచా మీది మేకపేగు తీగలు విప్పి ఆ ఇంటి గుమ్మం ముందు పాతిపెట్టడం. అవి మట్టిలో ఉన్నంతకాలం మంగణియార్ అన్నవాడెవడూ, ఆడది గానీ మగవాడు గానీ, ఆ గడప తొక్కడు. పుట్టినా పాట ఉండదు, చచ్చినా పాట ఉండదు. ఠాకూర్ స్వయంగా వచ్చి, బతిమాలి, తన చేత్తో పాతినవాడి నెత్తికి తలపాగా చుట్టినప్పుడే వాడు తవ్వి తీస్తాడు.

చిన్నప్పుడు చలిమంటల దగ్గర మెహర్‌దీన్ ఇలాంటి కథలెన్నో విన్నాడు. ఏదో ఊరి ఠాకూర్ సంగతి తెలిసి చెప్పులు కూడా వేసుకోకుండా ఇసుకలో పరిగెత్తుకొచ్చాడట. ఇంకో ఊరి ఠాకూర్ భోజనం మానేశాడట. తను కూడా సాయంత్రానికల్లా ఇంటికి పిలుపు వస్తుందనుకునే పాతాడు పాపం. కథల్లో ఠాకూర్లకీ జీపులో తిరిగే ఠాకూర్లకీ తేడా ఉంటుందని అతనికి తట్టలేదు. ఒక జీవితాన్ని పాడు చేయడానికి ఆ మాత్రం పొరపాటు చాలు.

సఫూరా బయటికొచ్చి చూసేసరికి అతను చేతుల మట్టి దులుపుకుంటున్నాడు. తీగల్లేని కమాయచా నేల మీద పడి ఉంది.

"లేచి పద. ఈ ఇంట్లో ఇక మంచినీళ్ళు కూడా ముట్టకు."

"ఏం చేశావయ్యా? ఏం చేశావు?"

"చెయ్యాల్సిందే చేశాను."

మేడ మీది జాలీ కిటికీలోంచి మాజీసా గొంతు వినిపించింది. "ఒరేయ్ మెహర్‌దీన్, ఆగరా, నా మాట విను." భర్త పోయిన ఠాకూర్ల ఆడది వాకిట్లోకి రాదు. మెహర్‌దీన్‌ని ఎత్తుకుని పెంచిన మనిషి ఆవిడ. అతను తల ఎత్తలేదు. ఎత్తితే నిలబడలేనని తెలిసే ఎత్తలేదని సఫూరాకి అర్థమైంది, అయినా ఆమె అతన్ని క్షమించలేదు.

వాడలో మాత్రం మెహర్‌దీన్‌ని భుజాల మీద మోశారు. మగాడంటే నువ్వురా అన్నారు. పూనమ్ సింగ్ సాయంత్రం రాలేదు, ఆ వారం రాలేదు, పండగకి రాలేదు. ఒక పీడ వదిలిందని అన్నాడని కూడా వినబడింది. మెల్లగా భుజాల మీద మోసినవాళ్ళు తమ తమ ఠాకూర్ల ఇళ్ళ దారి పట్టారు. మెహర్‌దీన్ కొత్త తీగలు పేనుకుని, జైసల్మేర్ దగ్గర ఇసుకదిబ్బల మీది హోటల్లో పనికి కుదిరాడు. వాళ్ళిచ్చిన ఎర్రటి తలపాగా పెట్టుకుని, ఫోటోలు తీసుకునేవాళ్ళ మధ్య కూర్చుని వాయించేవాడు. ఏ వంశం పేర్లూ చదవక్కర్లేదు అక్కడ. ఇంటికి వచ్చినప్పుడు గోడకి ఆనుకుని కూర్చునేవాడు. కథల్లో ఠాకూర్లు ఎందుకు వచ్చారో, తన ఠాకూర్ ఎందుకు రాలేదో అతనికి అంతుపట్టేది కాదు.

ఊళ్ళో మంగణియార్లందరూ ఆ ఇంటి గుమ్మం తప్పించి, వెనక జిల్లేడు పొదల్లోంచి చుట్టూ తిరిగి పోవడం అలవాటు చేసుకున్నారు. సఫూరా నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా దూరం నుంచి మేడ వైపు చూసేది. పిట్టగోడ మీద ఆరేసిన మాజీసా గోధుమరంగు ఓణీ కనబడితే ఆ పూటకి ప్రాణం కుదుటపడేది. ఆవిడ ఉంది, లేచింది, స్నానం చేసింది. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా మిగిలిన మాటామంతీ ఆ ఓణీ ఒక్కటే.

పాట మాత్రం సఫూరా పాడలేదు. మాజీసా ఎదురుగా లేకుండా పాడితే ఒకరి సొమ్ము తను వాడుకున్నట్టు. దాన్ని దాచిపెట్టానని అనుకుంది. ఒక మధ్యాహ్నం సజ్జలు విసురుతూ మనసులోనే బావులు వరసగా తలుచుకోబోతే, ఒకచోట తిరగలితో పాటు తనూ ఆగింది. ఆ పక్కనే మేక ఏదో పాత్ర తన్నేసింది. ఆవిడ ముందు కూర్చుంటే అదే వస్తుందిలే అనుకుని లేచి మేక వెంట పడింది.

ఆ చలికాలం పిట్టగోడ మీద ఓణీ కనబడటం మానేసింది. నాలుగో పూటకి మంగలి గవరీ, ఠాకూర్ల ఇంట్లో తల దువ్వే మనిషి, వాడకి వచ్చింది.

"సఫూరా, మాజీసా మంచం దిగడం లేదే. నీళ్ళు కూడా చెంచాతో పోస్తున్నారు. నిన్ను తీసుకురమ్మంటోంది."

"ఏమంది?"

"ఒంటె కట్టించమంది. నా పాట ఏదీ అంటోంది. కోడలేమో జ్వరంలో పలవరిస్తోందంటుంది. పలవరింత కాదని నీకూ నాకూ తెలుసుగా."

మెహర్‌దీన్ ఆ వేళ ఇంట్లోనే ఉన్నాడు. సఫూరా అతని ముందు కూర్చుంది.

"విన్నావుగా."

"విన్నాను."

"వెళ్ళి తీసెయ్యయ్యా ఆ తీగలు."

"అడక్కుండా తవ్వుకున్న మంగణియార్ ఎక్కడైనా ఉన్నాడా? ముందు వాణ్ణి రమ్మను. చుట్టనక్కర్లేదు, తలపాగా నా చేతికిస్తే చాలు. నేనే చుట్టుకుంటాను."

అంతవరకూ దిగివచ్చాడు కదా అని సఫూరా ముసుగు దించుకుని పూనమ్ సింగ్ దగ్గరికి వెళ్ళింది. గుమ్మం దాకా పోలేదు, వీధి మలుపులో జీపు ఆగేచోట నిలబడి చేతులు జోడించింది. అతను విసుక్కోలేదు, మర్యాదగానే మాట్లాడాడు.

"లోపలికి రా సఫూరా, అమ్మ నిన్నే అడుగుతోంది. నిన్ను ఎవరొద్దన్నారు?"

"తీగలున్నాయి కదా దొరా."

"నేను పాతానా? మీ ఆయన పాతాడు. ఆయన్నే తీసుకోమను."

"మీరొక్క మాట అనాలి. ఒక్క తలపాగా. మీ నాన్నగారైతే..."

"మా నాన్నగారు ఎన్నికల్లో నిలబడలేదు" అన్నాడు పూనమ్ సింగ్. "ఊరంతా చూస్తుండగా మంగణియార్ నెత్తికి నేను పాగా చుడితే, రేపు నా మాట ఎవడు వింటాడు? పాడాలనుంటే వచ్చి పాడు, లేకపోతే లేదు. మా అమ్మ ప్రాణం మీదికి వస్తే ఇదేం బేరం?"

సఫూరాకి ఒళ్ళు మండిపోయింది. బేరం పెట్టింది ఎవరు? ఒకడు తలపాగా ఇవ్వడు, ఒకడు తలపాగా లేనిదే తవ్వడు. మధ్యలో రెండు ఆడప్రాణాలు, ఒకటి మంచం మీద, ఒకటి మలుపులో. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు. చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"లేవే. ఏమైనా తిను" అన్నాడు మెహర్‌దీన్.

"పోయిన ఠాకూర్ దోసిట్లోంచి నువ్వు తాగావు. ఆ మాజీసా చేత్తో నువ్వు తిన్నావు. ఆవిడ నీకు చేసిన తప్పేంటో చెప్పు. ఒక్కటి చెప్పు, లేచి వండుతాను."

మెహర్‌దీన్ మూల ఉన్న గునపం తీసుకుని బయటికి నడిచాడు. సఫూరా ఢోలు చంకన పెట్టుకుని వెనకే వెళ్ళింది.

ఏళ్ళ తర్వాత ఆ గుమ్మం ముందుకి రావడం. వచ్చి చూస్తే మట్టి లేదు. జీపు ఎక్కడానికి వీలుగా గేటు నుంచి వీధి దాకా సిమెంటు పోసి చదును చేశారు. చుట్టుదారిలో తిరిగే మంగణియార్లలో ఎవరూ దాన్ని దగ్గరగా చూడలేదు, చూసినవాళ్ళు చెప్పడం అనవసరమనుకున్నారు. మెహర్‌దీన్ గేటు స్తంభం నుంచి అడుగులు వేసుకుంటూ ఒకచోట ఆగాడు. గునపం ఎత్తి దించాడు. ఠంగుమని మోగి చేతులు జివ్వుమన్నాయి తప్ప సిమెంటు కదల్లేదు.

జనం మూగారు. ఠాకూర్ల పనివాళ్ళు వచ్చారు. వాడ నుంచి మంగణియార్లూ వచ్చారు గానీ దూరంగా జిల్లేళ్ళ దగ్గరే నిలబడిపోయారు. "అడక్కుండా తవ్వుతున్నాడురా" అన్న మాట వాళ్ళ మధ్య పాకింది. మెహర్‌దీన్‌కి వినబడింది. తలపాగా తీసి పక్కన పెట్టి మళ్ళీ గునపం ఎత్తాడు. పూనమ్ సింగ్ గేటులోకి వచ్చి చూశాడు. అడ్డు చెప్పలేదు. అడుగు ముందుకీ వేయలేదు.

చివరికి సిమెంటు చిట్లింది. పెళ్ళలు ఊడబెరికి, కింద ఇసుక చేత్తో తోడాడు. మోచెయ్యి లోతు తోడినా ఏమీ లేదు. మేకపేగులు కదా, మొదటి వానకే కుళ్ళి మట్టిలో కలిసిపోయి ఉంటాయి. ఇన్నేళ్ళూ అందరూ చుట్టూ తిరిగి పోయింది ఒట్టి మట్టి చుట్టూ. మెహర్‌దీన్ పిడికెడు ఇసుక తీసి, పక్కన పడున్న తన తలపాగా కొసన మూటకట్టాడు.

"తీశాను" అన్నాడు గట్టిగా, ఊరందరికీ. ఆపైన సఫూరాతో మెల్లగా, "పో, లోపలికి పో" అన్నాడు. తలపాగా నెత్తిన పెట్టుకోలేదు. ఉత్త తలతో, మంగణియార్ల మధ్య నుంచి ఇంటికి నడిచిపోయాడు. వాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఒక్కరూ పలకరించలేదు. మొగుడి మీద అన్నేళ్ళు పెంచుకున్న కోపం సఫూరాకి ఆ క్షణాన కన్నీళ్ళుగా కారిపోయింది.

మాజీసా మంచంలో చిన్నపిల్లంత అయిపోయింది. ఢోలు చప్పుడుకే కళ్ళు తెరిచింది.

"వచ్చావా నా అరణమా?"

"వచ్చాను మాజీసా."

"బయట ఏంటే ఆ మోత?"

"మెహర్‌దీన్ తీగలు తీశాడు."

"పిచ్చి వెధవ" అంది ఆవిడ, ముద్దుగా. "ఎక్కించు మరి. పొద్దు పోతోంది."

కోడళ్ళు మంచం చుట్టూ చేరారు. సఫూరా కళ్ళు తుడుచుకుని ఢోలు మీద మెల్లగా వేళ్ళు ఆనించింది. ఒంటె మోకాళ్ళు దించింది, అమ్మాయి ఎక్కింది. జమ్మి బావి దగ్గర నీళ్ళు తాగి పొలిమేర దాటారు. మాజీసా తల దిండు మీద అటూ ఇటూ కొద్దిగా ఊగుతోంది. మూగ బావి దాటారు. అత్తాకోడళ్ళ బావులు వచ్చాయి. ఆవిడ పెదవులు కదిలాయి, "ఉప్పుది..." అని ఆగిపోయాయి. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత సఫూరా నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

ఢోలు వేళ్ళు మాత్రం నడుస్తున్నాయి. మళ్ళీ అత్తాకోడళ్ళ బావుల దగ్గర నుంచి ఎత్తుకుంది. తీపి, ఉప్పు, ఆపైన ఖాళీ. మొదటి నుంచి వస్తే అదే దొర్లుకొస్తుందని మళ్ళీ జమ్మి బావి దగ్గర మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఆ తర్వాతి బావి పేరు లేదు, దాని వెనకున్న బావులూ లేవు. అమ్మ గొంతులో ఆ చోట రాగం ఎలా పైకి లేచేదో గుర్తుంది, ఆ లేపడంలో ఏ మాట ఉండేదో పోయింది.

"ఒంటె ఆగిందేమే?" అంది మాజీసా.

"ఒక్క నిమిషం మాజీసా."

"దాహంగా ఉందే. తర్వాతది ఏ బావి?"

సఫూరా చుట్టూ చూసింది. అడగడానికి ఎవరున్నారు? కోడళ్ళకి నవ్వు వచ్చే బావుల దాకానే గుర్తు. అమ్మ పోయింది. ఆ బావులు చూసినవాళ్ళు కంచెకి అవతల ఉన్నారు. ఏదో ఒక పేరు పెట్టి పాడేద్దామా అన్న ఆలోచన వచ్చింది, మాజీసా కళ్ళలోకి చూశాక ఆ పాపానికి నోరు రాలేదు. దగ్గరగా వంగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"గుర్తు రావట్లేదు మాజీసా. మీరు చెప్పండి. ఒక్క పేరు అందిస్తే మిగతాది నేను తీసుకుపోతాను. అత్తాకోడళ్ళ బావుల తర్వాత ఏది?"

మాజీసా పైకప్పు వైపు చూసింది. ఆలోచిస్తున్నట్టు నుదురు ముడిపడింది, విడిపోయింది, మళ్ళీ ముడిపడింది.

"నాకూ తెలియడం లేదే" అంది చివరికి. "నీ దగ్గరుంది కదా అని నేను మరిచిపోయానే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కాస్తయినా ఉంటే సఫూరా భరించేదేమో. ఆవిడ ఇంకోసారి "దాహం" అంది, కోడలు చెంచాతో గంగ పోసింది, అది పెదవి పక్క నుంచి దిండు మీదికి జారింది. పొద్దు గూకకముందే ప్రాణం పోయింది. ఏడుపులు మొదలయ్యాయి. సఫూరా వేళ్ళు ఢోలు మీదే ఉన్నాయి, ఎవరో వచ్చి దాన్ని ఆమె ఒళ్ళోంచి తీసేదాకా ఆమెకి తెలియలేదు.

పన్నెండో రోజు భోజనాలకి పూనమ్ సింగ్ మంగణియార్ల వాడకి కూడా పిలుపు పంపించాడు. అందరూ వెళ్ళారు, కానీ పంక్తిలో వాడవాళ్ళు మెహర్‌దీన్‌ని మాత్రం తమ పక్కన కూర్చోబెట్టుకోలేదు. అడక్కుండా తీగలు తవ్వినవాడితో ఒక పళ్ళెంలో తినడానికి వాడలో ఎవరికీ చెయ్యి రాలేదు. అతను లేచి వచ్చేశాడు. కమాయచా గోడకి తగిలించి ఉంది, హోటల్‌వాళ్ళ కబురుకి జవాబు పంపలేదు. గుమ్మం ముందు సిమెంటు మళ్ళీ పోయించారు. ఆ ముక్క కొత్తగా, కొంచెం తెల్లగా కనిపిస్తుంది.

ఒక పొద్దున సఫూరా సజ్జ రొట్టె తడుతోంది. పిండి అరచేతిలో తిప్పుతూ ఉంటే, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరూ పిలవకుండానే వచ్చి నోట్లో నిలబడింది.

"నెమలి బావి" అంది.

దాని వెనకే మిగతావన్నీ ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని వచ్చేశాయి. గవ్వల బావి, కుంటి ఒంటె బావి, పుట్టింటి బావి, గట్టు మీద తల్లి. ఒక్కటీ తగ్గలేదు, వరస కూడా తప్పలేదు. సఫూరా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. పాడి వినిపించడానికి ఆ మనిషి లేదు. తన వల్లనే ఆ మనిషి అత్తాకోడళ్ళ బావుల దగ్గర, ఇసుకలో, దాహంతో దిగబడి ఉండిపోయింది. ఇక ఎన్ని బావులు గుర్తొచ్చినా ఆమెని అక్కడి నుంచి ఎవరూ కదల్చలేరు.

గోడకి ఆనుకుని కూర్చున్న మెహర్‌దీన్ తల ఎత్తాడు.

"ఏంటే, ఏదో అన్నావు?"

"ఏం లేదు" అంది సఫూరా. పెనం మీద మొదటి రొట్టె అప్పటికే మాడిపోయింది. దాన్ని తీసి తన పళ్ళెంలో వేసుకుని, ఇంకొకటి తట్టడం మొదలుపెట్టింది.